పిల్లల కోసం తెలుగు బ్లాకుల కోడింగ్ తయారుచేశాను: నా అనుభవం

మేముండేది బెంగళూరులో, కేఆర్ పురం వైపు. మా పాపకి ఎనిమిదేళ్లు. పోయిన వేసవి సెలవుల్లో లాప్‌టాప్‌లో స్క్రాచ్ (మాటలు రాసున్న రంగు బ్లాకులు ఒకదానికొకటి అతికిస్తే తెర మీద పిల్లి బొమ్మ కదిలే కోడింగ్ ఆట) పెట్టిచ్చి పక్కన కూర్చున్నాను. అది బ్లాకుల మీదున్న మాటలు చదవట్లేదు, రంగు చూసి లాగుతోంది, అతుక్కుంటే సరే, లేకపోతే ఇంకోటి. పిల్లి తిరిగింది. ఎందుకు తిరిగిందే అంటే "ఏమో అమ్మా" అంది. తప్పు స్క్రాచ్‌ది కాదు. ఎమ్ఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు 2007లో దాన్ని బయటికి తెచ్చినప్పటి నుంచి ఎన్నో దేశాల పిల్లలు దాంతోనే మొదలుపెడుతున్నారు. కానీ మా పాప ఇంట్లో మాట్లాడేది తెలుగు, "రిపీట్ అంటిల్" (ఫలానాది అయ్యే వరకు మళ్లీ మళ్లీ చెయ్యి) అన్నది దాని నోట్లో ఎప్పుడూ తిరగని మాట.

నేను ఉద్యోగరీత్యా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, కోడింగ్ కొంత వచ్చు. ఇలాంటి బ్లాకులు సొంతంగా చేసుకోవడానికి గూగుల్ తయారుచేసిన బ్లాక్లీ ఉచితంగా దొరుకుతుంది, 2019 నాటి స్క్రాచ్ 3.0 కూడా దాని మీద కట్టిందే. మాటలు తెలుగులోకి మారిస్తే అయిపోతుంది, రెండు వారాల పని అనుకున్నాను. ఏడు నెలలు పట్టింది.

మొదట చిక్కింది క్రియ. ఇంగ్లిష్‌లో "మూవ్" ముందుంటుంది, అంకె తర్వాత. మనకి అంకె ముందు, పని చివర: "5 అడుగులు నడువు". ఇది సులువే, బ్లాక్లీలో అంకె గడి ఎక్కడ రావాలో వాక్యంలోనే చెప్పొచ్చు. లూప్ దగ్గర, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే బ్లాకు దగ్గర, కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. నోరు తెరిచినట్టుండే ఆ బ్లాకుకి పై పెదవి మీద "4 సార్లు" అని, కింది పెదవి మీద "చెయ్యి" అని రాశాను, చెయ్యాల్సిన పనులు మధ్యలో ఉంటాయి. పైనుంచి కిందికి చదివితే అచ్చం మనం మాట్లాడే వాక్యమే.

అసలు టెన్షన్ షరతులతో వచ్చింది. ఇంగ్లిష్‌లో "ఇఫ్" అని ముందు పెట్టేసి తర్వాత ఏ ముక్క తగిలించినా మాట మారదు. మనకి షరతు క్రియలోనే కలిసిపోతుంది. "అంచు వచ్చింది" అనే ముక్కని "అయితే" పక్కన పెడితే "అంచు వచ్చింది అయితే" అవుతుంది, అలా ఎవరూ అనరు. "వరకు" పక్కన పెడితే ఇంకా ఘోరం, "అంచు వచ్చింది వరకు". మనం అనేది "వస్తే", "వచ్చే వరకు". బ్లాకు ఒకటే, అది రెండు చోట్లా ఇమడాలి, మాట మాత్రం రెండు రకాలుగా మారాలి. దాదాపు నెల రోజులు దీని మీదే ఉన్నాను. ప్రతి ముక్కకి రెండు రూపాలు రాసి, ఎక్కడ తగిలిస్తే ఆ రూపం కనపడేలా కూడా చేశాను, కానీ చేతిలో ఉన్న బ్లాకు మీద మాట ఉన్నట్టుండి మారిపోతే పిల్లలు భయపడి వెనక్కి తీసేస్తున్నారు.

దారి చూపించింది పిల్లల ఆటే. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద శనివారాలు ఆరేడుగురు పిల్లలు వస్తారు. ఒకరికి కళ్లకు గంతలు కట్టి మిగతావాళ్లు నడిపిస్తున్నారు. గంతలు కట్టుకున్న పిల్ల అడుగడుగుకీ "గోడ వచ్చిందా?" అని అడుగుతోంది, వీళ్లు "రాలేదు, రాలేదు, ఆ వచ్చింది" అంటున్నారు. ఆ రాత్రే షరతు బ్లాకులన్నీ ప్రశ్నలుగా మార్చేశాను. "అంచు వచ్చిందా?" అన్నది ఒక ముక్క, దాన్ని "అవునంటే" బ్లాకులోనైనా పెట్టొచ్చు, "అవుననే వరకు" బ్లాకులోనైనా పెట్టొచ్చు, రెండుచోట్లా తెలుగే. వ్యాకరణం తెలిసినవాళ్లు ఇంకా మంచి దారి చెప్తారేమో గానీ, పిల్లలు మళ్లీ తడబడలేదు.

ఇక తెర మీద ఏం కదలాలి? 1967లో పిల్లలకి కోడింగ్ నేర్పే లోగో భాషని సేమూర్ పాపెర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫర్జైగ్ కలిసి మొదలుపెట్టారు. ఆ తర్వాత అందులోకి తాబేలు వచ్చింది, అది నడిచిన దారి గీతవుతుంది. నేను చీమని పెట్టాను. బియ్యప్పిండితో ముగ్గేస్తే చీమలు తింటాయని మా అత్తయ్య రోజూ అంటుంది, అందుకని. తెల్ల కాగితం లాంటి తెర చూసి అత్తయ్యే అడిగింది, "చుక్కలు పెట్టకుండా ముగ్గెట్లా వేస్తారమ్మా?" అని. చుక్కలు పెట్టాక సగం కష్టాలు తీరిపోయాయి. ఒక అడుగంటే ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి, పిల్లలు వేలు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు. కోణాలు డిగ్రీల్లో అడగడం మానేశాను. లోగోలో మూడు భుజాలూ సమానంగా ఉండే త్రిభుజం గీయాలంటే మూల దగ్గర 120 డిగ్రీలు తిప్పాలి, లోపలి కోణం 60 అని నేర్చుకున్న పిల్లలు 60 పెట్టి బొమ్మ చెడిపోతే ఏడుపు మొహం పెడతారు, మూడో తరగతిలో ఆ గొడవ వద్దు. "కుడికి తిరుగు", "ఎడమకి తిరుగు", అంతే. చీమ కిందికి చూస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమ, అక్కడ తడబడినవాళ్లని లేపి టెర్రస్ టైల్స్ మీద వాళ్లనే చీమలా నడవమన్నాను. పాపెర్ట్ చెప్పిందీ అదే, పిల్లలు తమ ఒంటితో ఆలోచించాలని.

మొదట అరవై దాకా బ్లాకులు చేసుకున్నాను, ఇప్పుడు పదహారు. చీమని మెల్లగా నడిపించి, అప్పుడు నడుస్తున్న బ్లాకు చుట్టూ పసుపు గీత వచ్చేలా చేశాను, దాంతో తప్పు ఎక్కడుందో వాళ్లే వేలు పెట్టి చూపిస్తున్నారు. బ్లాకు దగ్గరికి తెస్తే అతుక్కునే దూరం పెంచాను. వత్తులు బ్లాకు కింది అంచులో తెగిపోతుంటే ఎత్తు పెంచాల్సి వచ్చింది. ఒకసారి పేజీ రిఫ్రెష్ అయ్యి ఒక పాప గంటసేపు చేసిన ముగ్గంతా పోయింది, ఆ పిల్ల మొహం ఇప్పటికీ గుర్తుంది, ఆ రోజే ఆటో సేవ్ పెట్టాను. నిజానికి మొదటి రోజే పెట్టాల్సింది.

మాటలు తెలుగులో ఉంటే పిల్లలు చదివేస్తారని నేను అనుకున్నది తప్పయింది. మా పాప స్కూల్లో ఇంగ్లిష్, హిందీ, అందుకని తెలుగు బాగా మాట్లాడుతుంది గానీ అక్షరాలు రావు. వాచ్‌మన్ గారిది కదిరి, వాళ్లబ్బాయి ఇక్కడి ప్రభుత్వ బడిలో కన్నడ మీడియం. ఆ అబ్బాయి తెలుగు అక్షరాలు నేర్చుకోకుండానే కూడబలుక్కుని చదివేశాడు, రెండు లిపులూ అంత దగ్గర మరి. మిగతావాళ్ల కోసం బ్లాకు మీద వేలు పెడితే మాట వినపడేలా అత్తయ్య గొంతు రికార్డ్ చేశాం. "నడువు" అని ఆమె అనే తీరు పిల్లలకి ఎంత నచ్చిందంటే, పని లేకపోయినా నొక్కుతుంటారు.

ధనుర్మాసంలో అత్తయ్య నోట్‌బుక్ తీసింది. అందులో ముగ్గు పక్కన "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చే వరకు" అని రాసుంది. నేను నెల రోజులు తిప్పలు పడిన "వరకు" ఆ నోట్‌బుక్‌లో ఎప్పటి నుంచో ఉంది. మధ్య వరుసలో 15, దాని పైన 14, ఆ పైన 13, అలా 8 దాకా, కింది వైపూ అంతే. ఇది చీమతో వేయిద్దామని వాచ్‌మన్ గారబ్బాయి పట్టుబట్టాడు. దానికి తగ్గుతూ వచ్చే అంకె కావాలి, చిన్నపిల్లలకి కష్టమని నేను ఆ బ్లాకులే తీసేశాను. మళ్లీ పెట్టి, పుస్తకాల్లో ఉన్నట్టు "చలరాశి" అని పేరు రాశాను. చదివి, "ఇదేంది ఆంటీ?" అన్నాడు. ఒక అంకె దాచుకునేది, కావాలంటే మార్చుకోవచ్చు అన్నాను. "అయితే డబ్బా అని రాయండి" అన్నాడు.

రాశాను. "డబ్బాలో 15 వెయ్యి", "డబ్బాలోంచి 1 తియ్యి". వరుస మారినప్పుడు చీమ అర అడుగు పక్కకి జరగడానికి ఇంకో బ్లాకు చేసిచ్చాను. మూడు శనివారాలు కూర్చున్నాడు. మూడో శనివారం చీమ పై వరుసలో ఎనిమిదో చుక్క పెట్టి ఆగింది, అత్తయ్య కళ్లజోడు తెచ్చుకుని తెర మీద వేలు ఆనించి వరుసలు లెక్కపెట్టింది.

"ఎనిమిది వరుసలే నాయనా, కింద ఇంకా ఏడు రావాల" అంది.

అబ్బాయి అప్పటికే ఇంకో డబ్బా లాగుతున్నాడు, ఈసారి అందులో 14 వేశాడు.