బొటనవేలు మర్చిపోయావు

పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. మన బడి అనగానే నాకు ముందుగా కళ్ళ ముందుకొచ్చేది రెండో తరగతిలో చేతులు కడుక్కోవడం నేర్చుకున్న ఒక మధ్యాహ్నం: చిన్న టీచరుగారు, కొబ్బరినూనె సీసా, జల్లించిన ఎర్రమట్టి. మీకూ అంతే అనుకుంటాను.

ఆవిడ క్రిముల పేరైనా ఎత్తలేదు. కంటికి కనపడని దాన్ని ఆరేళ్ళ పిల్లలు నమ్మరని ఆవిడకి తెలుసు. అరచేతిలో రెండు చుక్కల నూనె, చిటికెడు మట్టి వేసి రుద్దుకోమన్నారు. ఉత్త నీళ్ళతో కడిగితే మట్టి జిడ్డుని పట్టుకుని అలాగే ఉండిపోయింది. సబ్బు పెట్టాక వదిలింది. సబ్బు అణువుకి ఒక కొస జిడ్డుని పట్టుకుంటుంది, రెండో కొస నీళ్ళని పట్టుకుంటుంది. అందుకే జిడ్డుతోపాటు క్రిములూ నీళ్ళతో కొట్టుకుపోతాయి. ఈ పాఠం చెప్పేవాళ్ళు పసుపు మాత్రం వాడకండి. రంగు చర్మానికి పట్టేస్తే సబ్బే పనిచేయదని పిల్లలు అనుకుంటారు.

తరవాత ఒక్కొక్కరి చేతులూ తిప్పి చూశారు. అందరికీ మట్టి మిగిలింది మూడు చోట్ల: బొటనవేళ్ళ చుట్టూ, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద. అరచేతులు రెండూ కలిపి రుద్దితే బొటనవేలు బయటే ఉండిపోతుంది. దాన్ని రెండో చేతి గుప్పిట్లో పట్టి తిప్పాలి. గోళ్ళని అరచేతిలో గీరాలి. కుడిచేతి వాటం వాళ్ళు ఎడమ చేతినే బాగా తోముతారు, అన్నం తినే చెయ్యి అలాగే వదిలేస్తారు. "బొటనవేలు మర్చిపోయావు" అని ఆవిడ అనని రోజు లేదు.

ఇరవై సెకన్లు రుద్దాలి. అంకెలు లెక్కపెట్టమంటే పిల్లలు అయిదు సెకన్లలో ఇరవై దాటేస్తారు. అందుకే రెండో ఎక్కం, నిదానంగా, రెండు పదుల ఇరవై దాకా. కడుక్కున్నాక లాగుకి తుడుచుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది, తడి చేతికి మురికి ఇంకా తొందరగా అంటుతుంది. చేతులు విదిలించి గాలికి ఆరనివ్వాలి. సబ్బుని వలసంచిలో కట్టి కుళాయికి వేలాడదీస్తే నానిపోదు, కాకీ ఎత్తుకుపోదు. ఆ కాకి సంగతి కిటికీ పక్క బెంచీ వాళ్ళకి తెలుసు.

ఇప్పుడు అంగన్‌వాడీ టీచర్లకి శిక్షణ ఇచ్చేటప్పుడు నేను చెప్పేవి ఇవే. 2008 నుంచి ఏటా అక్టోబరు 15న చేతుల శుభ్రత దినం జరుపుతున్నారు, మంచిదే. కానీ పిల్లలకి అలవాటయ్యేది రోజూ అన్నం ముందు, దొడ్డికి వెళ్ళొచ్చాక. ముప్ఫైమందికి ఒకటే కుళాయి ఉంటే ఒక్కొక్కరికి ఇరవై సెకన్ల చొప్పున రుద్దడానికే పది నిమిషాలు పడుతుంది. వెనక ఉన్నవాళ్ళు కడుక్కోకుండానే కంచం దగ్గరికి పరిగెడతారు. అందుకే తడుపుకుని పక్కకి వచ్చి, ఎక్కం చెబుతూ రుద్దుకుని, కడుక్కోవడానికి మళ్ళీ వెళ్ళాలి. రుద్దుకునేంతసేపూ కుళాయి వెనకవాళ్ళకి ఖాళీగా ఉంటుంది.

సమ్మేళనం రోజు భోజనాల దగ్గర కుళాయికి రెండు వరసలు పెట్టించమని కమిటీకి నా మనవి. సబ్బులు నేను తెస్తాను, వలసంచులతో సహా.