అగ్గి ఆపితే కొండ పచ్చబడింది: కల్పవల్లి చూసొచ్చాం

అనంతపురం నుంచి బెంగళూరు హైవే మీద గంట పోతే చెన్నేకొత్తపల్లి వస్తుంది, అక్కడివాళ్ళు సీకే పల్లి అంటారు. అక్కడ హైవే దిగి ముష్టికోవెల వైపు తిరిగాం. సంక్రాంతి వెళ్ళిపోయిన రోజులు, చేలన్నీ ఖాళీ. ఏడాదికి సగటున 550 మి.మీ. వాన పడితే గొప్ప అనుకునే ప్రాంతం కాబట్టి రాళ్ళూ బోడిగుట్టలూ తప్ప ఏముంటుందిలే అనుకుంటూనే కొండెక్కాం. ఎక్కాక మాత్రం నడుము దాకా బోద గడ్డి, ఎండి బంగారు రంగులో, కనుచూపు మేర! వంకల పొడవునా ఈత చెట్లు.

ఈ కొండలనే కల్పవల్లి అంటారు. ఇదంతా ఊరుమ్మడి మేత భూమి, కాగితాల్లో ప్రభుత్వ బంజరు. 1990లో ఈ దగ్గర్లోనే 32 ఎకరాల బీడు కొని టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు పని మొదలుపెట్టారు. రెండేళ్ళకి ముష్టికోవెల పెద్దలు వాళ్ళ దగ్గరికి వెళ్ళి మా చెరువు సంగతి చూడండి అని అడిగారు. చెరువులోకి నీళ్ళు రావాలంటే పైన కొండ మీద ఏదో ఒకటి మొలవాలి కదా, అలా ఈ కొండల పని మొదలైంది. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళూ చేరాయి, ఇప్పుడు 7,000 ఎకరాలకు పైగా అయింది, చూసుకునేది ఆ ఊళ్ళ వాళ్ళ సహకార సంఘమే.

నేను ఎక్కువగా అడిగింది ఏం నాటారు అని. విత్తనాలు చల్లారు, మొక్కలూ పెట్టారు, కానీ ఇక్కడ కనిపించే పచ్చదనంలో ఎక్కువ భాగం నాటింది కాదు. నరికి, మేపి, కాల్చినా భూమిలో వేర్లు చావలేదు. ప్రతి ఎండాకాలం వచ్చే మంట ఆగేసరికి అవే పిలకలేశాయి. నాకైతే అసలు విషయం ఇదే అనిపించింది. మనం ఎక్కడ చూసినా గుంతలు తవ్వడం, మొక్కలు పెట్టి ఫొటో దిగడం, మరుసటి వేసవికి అవి మాడిపోవడమే కదా.

మరి మంట ఎవరు పెట్టేవాళ్ళు? భుజాన కంబళితో ఎదురైన ఒక గొర్రెల కాపరి దాచుకోకుండా చెప్పాడు. "మేమే పెడతాంటిమి సార్. బోద ముదిరితే జీవాలు మూతి పెట్టవు. కాలిస్తే మొదటి వానకు లేత గడ్డి వస్తాదని మా నాయన కాలం నుంచి అలవాటు." లేత గడ్డి రావడం నిజమే, కానీ దాంతోపాటు చిన్న మొక్కలు, విత్తనాలు పోతాయి, బోసి నేల మీద వాన పడితే మట్టంతా వంకలో కలుస్తుంది. ఆ సంగతి కాపరులతో కూర్చుని మాట్లాడి ఒప్పించడానికి ఏళ్ళు పట్టిందట. అంతేగానీ జీవాలను రావద్దనలేదు. మేం తిరిగిన రోజు కూడా మందలు మేస్తూనే ఉన్నాయి.

ఒక చోట రేగు పొదని పక్కకి వంచి చూపించాడు కాపలా మనిషి. లోపల మోకాలెత్తు వేప మొక్క, ఆకు కూడా చిరగకుండా ఉంది. ముళ్ళకి మేక మూతి లోపలికి పోదు, ఆ నీడలో తేమ నిలుస్తుంది, పిట్టలు వేసిన గింజ అక్కడే బతుకుతుంది. నాలుగేళ్ళలో పొదని దాటి పైకొస్తుందన్నాడు. మరి మా కడప వైపు బీళ్ళలో మిగిలినవి మేకలు ముట్టని తంగేడు, బందారు పొదలే, వాటినీ పొయ్యిలోకి కొట్టేస్తాం.

పైన ఫైర్ లైన్ పని నడుస్తోంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు వరసగా నిలబడి కొడవళ్ళతో గడ్డి కోసి, నేల కనపడేలా గోకి వెడల్పు దారి చేస్తున్నారు, మంట ఇటు నుంచి అటు దూకకుండా. అయినా ఎండాకాలమంతా టెన్షనే అట, పొగ కనిపిస్తే పచ్చి కొమ్మలు విరుచుకుని పరిగెత్తి బాదడమే. కోసిన బోద ఇంటి కప్పులకి పోతుంది, ఈతాకు చీపుర్లకీ చాపలకీ. తోడేళ్ళు, చిరుతలు, ఎలుగుబంట్లు కూడా చేరాయి, కాపరులకి ఆ భయం ఉంది మరి.

మనసుకి కష్టంగా అనిపించింది గాలిమరల సంగతి. కాగితాల్లో బంజరు కాబట్టి కొండ శిఖరాల మీద అవి వచ్చాయి, వాటికోసం కొండని చీల్చి రోడ్లు వేశారు, ఆ మట్టి జారి వంకల్లో పడింది. ఇన్నేళ్ళు కాపాడినవాళ్ళకి ఆ భూమి మీద రాతపూర్వకమైన హక్కేదీ లేకపోవడం చాలా అన్యాయం.

దిగే ముందు మా ఊరి మేత బీడు సంగతి చెప్పి, ఏ మొక్కలు తెమ్మంటారని కాపలా మనిషిని అడిగాను. మొక్కల మాట ఎత్తకుండా, మీ ఊర్లో అగ్గి ఎవరు పెడతారన్నా, వాళ్ళని ఒకసారి ఇక్కడికి పిల్చుకొని రా అన్నాడు. ఇంటికొచ్చాక మా కాపరులతో మాట్లాడాను. వానలు పడి గడ్డి లేచాక వస్తామన్నారు, జీపు మాట్లాడుతున్నాను.