తాతలందరికీ తాత: భీష్మాష్టమి, మా మిలిటరీ తాతయ్య

రథసప్తమి అందరికీ గుర్తుంటుంది. జిల్లేడాకులు తలమీద పెట్టుకుని స్నానం, సూర్యుడికి పాయసం, చిక్కుడాకులు. నాలుగు రోజులు పోతే భీష్మ ఏకాదశి. ఆ రోజు ఊరూరా విష్ణు సహస్రనామ పారాయణాలు, అంతర్వేదిలో రథోత్సవం. ఈ రెంటి మధ్య ఒక అష్టమి ఉంది. మాఘ శుద్ధ అష్టమి, భీష్మాష్టమి. దానికి పిండివంటలు లేవు, ఊరేగింపు లేదు. చేయాల్సిందల్లా నువ్వులు కలిపిన నీళ్లు దోసిట్లో పట్టి, దక్షిణం వైపు తిరిగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వదలడమే. అందుకేనేమో చాలా ఇళ్లలో అది క్యాలెండర్లో ఒక గడిగా మిగిలిపోయింది.

ఆ నీళ్లు వదిలేటప్పుడు చెప్పే శ్లోకం ఇది:

వైయాఘ్రపద్యగోత్రాయ సాంకృత్యప్రవరాయ చ
అపుత్రాయ దదామ్యేతజ్జలం భీష్మాయ వర్మణే

వైయాఘ్రపద్య గోత్రం, సాంకృత్య ప్రవర (వంశ మూల ఋషుల వరస) కలిగిన భీష్ముడికి, కొడుకులు లేని ఆ మహానుభావుడికి ఈ నీళ్లు ఇస్తున్నాను అని అర్థం. దీని తర్వాత ఇంకో శ్లోకం ఉంది. నాకు అదంటే మరీ ఇష్టం:

భీష్మః శాంతనవో వీరః సత్యవాదీ జితేంద్రియః
ఆభిరద్భిరవాప్నోతు పుత్రపౌత్రోచితాం క్రియామ్

శంతనుడి కొడుకు, వీరుడు, సత్యవాది, ఇంద్రియాలను గెలిచినవాడు అయిన భీష్ముడికి, కొడుకులూ మనవలూ చేయాల్సిన క్రియ ఈ నీళ్లతో అందాలి అని. పెళ్లి చేసుకోనని తండ్రి కోసం ఒట్టు పెట్టుకున్న మనిషికి పిల్లలెక్కడి నుంచి వస్తారు? ఆ లోటు తీర్చే పనిని శాస్త్రం ఫలానా వంశానికి అప్పగించలేదు, అందరి మీదా పెట్టింది. బ్రాహ్మణుడు మొదలుకొని ఏ వర్ణం వారైనా భీష్ముడికి నీళ్లివ్వకపోతే ఆ ఏడాది చేసుకున్న పుణ్యం పోతుందని కాస్త గట్టిగానే బెదిరించారు కూడా. జంధ్యం ఉన్నవాళ్లు దాన్ని కుడి భుజం మీదికి మార్చుకుంటారు, లేనివాళ్లు కండువాను మార్చుకుంటారు. అంతే తేడా.

ఇందులో ఇంకో మెలిక ఉంది. నేను ఈ తర్పణం పట్టుకోవడానికి అసలు కారణం అదే. తండ్రి బతికున్నవాడు పితృతర్పణాలు చేయకూడదు. మా నాన్న నిక్షేపంలా ఉన్నారు. కాబట్టి తాతయ్య ఆబ్దికం నాన్న చేస్తారు, మహాలయ పక్షంలో నీళ్లు నాన్న వదులుతారు. నేను పక్కన నిలబడి నువ్వుల గిన్నె, దర్భలు అందిస్తానంతే. తాతయ్య భుజాలెక్కి తిరిగిన మనవడినైనా ఆయన పేరు చెప్పి నీళ్లిచ్చే అధికారం నాకింకా రాలేదు, రాకూడదనే కోరుకుంటాను. అయితే ‘జీవత్పితాపి కుర్వీత తర్పణం యమభీష్మయోః’ అని ఒక మినహాయింపు ఉంది. తండ్రి ఉన్నవాడైనా సరే, యముడికీ భీష్ముడికీ తర్పణం చేయవచ్చు. దీన్ని ఒప్పుకోని పెద్దలూ ఉన్నారు. మా పురోహితుడు గారు ఒప్పుకున్నారు. అలా నా దోసిలికి దక్కిన తాత ఒక్క భీష్ముడే. పితామహుడని లోకమంతా పిలిచే ఆ సైనికుడికి నీళ్లు వదులుతూ, మా ఇంటి సైనికుణ్ణి తలుచుకోవడం తప్పేమీ కాదనుకుంటాను.

తాతయ్య 1962 యుద్ధం తర్వాత సైన్యం పెద్ద ఎత్తున కుర్రాళ్లను తీసుకున్న రోజుల్లో చేరారు. ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరు. ఊళ్లో మిలిటరీ ఆయన అంటే చేతిలో తుపాకీ ఉంటుందనుకునేవాళ్లు కదా. ఆయన మాత్రం “తుపాకీ కంటే స్టీరింగే ఎక్కువ పట్టాను” అని నవ్వేసేవారు. బియ్యం, పప్పు, కిరోసిన్, దుప్పట్లు, ఉత్తరాల సంచులు వేసుకుని కొండదారుల్లో శక్తిమాన్ లారీ నడపడం ఆయన పని. ‘సేవా అస్మాకం ధర్మః’ (సేవే మా ధర్మం) అనేది ఆ కోర్ నినాదం. తాతయ్యకు సంస్కృతం రాదు. ఈ మూడు మాటలు మాత్రం ఎక్కడా తడబడకుండా పలికేవారు.

యుద్ధం సంగతి అడిగితే చలి గురించి చెప్పేవారు. రాత్రి బండి ఆపగానే రేడియేటర్లో నీళ్లు మొత్తం వదిలేయాలట, లేకపోతే తెల్లారేసరికి గడ్డకట్టి ఇంజన్ పగిలిపోతుంది. పొద్దున్నే మంచు కరిగించి మళ్లీ నింపుకోవాలి. డీజిలు చిక్కబడిపోతే బండి కింద చిన్న మంట వేసి కాచుకోవాలి. వేళ్లు కొంకర్లు పోతుంటే టైర్లకు గొలుసులు బిగించాలి. ఇదంతా ఆయన కష్టంగా చెప్పేవారు కాదు, పనిగా చెప్పేవారు. పైన పోస్టులో ఉన్నవాళ్లకు రేషన్ అందడం ఒక పూట ఆలస్యమైతే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

పింఛనుతో ఇంటికొచ్చాక కాలుమీద కాలేసుకుని కూర్చున్నది లేదు. తెల్లవారుజామున కౌలు పొలం, పగలు బ్యాంకులో గార్డు ఉద్యోగం. మంచం మీద దుప్పటి అంచులు కొలిచి పెట్టినట్టు మడత ఉండాలి. నల్ల ట్రంకుపెట్టె మీద తెల్ల రంగుతో రాసిన పేరు, నంబరు వెలిసినప్పుడల్లా తనే మళ్లీ దిద్దుకునేవారు. బ్యాంకుకు వెళ్లేముందు బూట్లు తుడిచే తీరు చూడాలి. గుడ్డను వేలికి చుట్టి, ఒక చుక్క నీళ్లు, కాస్త పాలిష్, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు. అద్దంలా వచ్చేదాకా వదిలేవారు కాదు. పూజ దగ్గర మాత్రం అంత ఓపిక ఉండేది కాదు. మంత్రాలు పురోహితుడు చెప్పిస్తే చెప్పేవారు, తొందర పెట్టేవారు.

ఒక్క మహాలయ పక్షంలో మాత్రం తొందరపడేవారు కాదు. తన తాతతండ్రుల పేర్లన్నీ అయ్యాక, కారుణ్య పితృల (తాతతండ్రులు కాకపోయినా నీళ్లిచ్చి తలుచుకునేవాళ్ల) వరసలో గురువు, మిత్రుడు కూడా వస్తారు. అక్కడ ఆగి ఒక పేరు చెప్పేవారు. అది మా బంధువులెవరిదీ కాదు, మన భాష మనిషిదీ కాదు. తన ముందు బండి నడుపుతూ దారి విరిగి లోయలో పడిపోయిన కుర్రాడిది. పెళ్లి కాలేదు. గోత్రమేమిటో తాతయ్యకు తెలీదు. బ్యారక్‌లో పక్క పక్క మంచాల మీద పడుకునే కుర్రాళ్లు గోత్రాలు అడుక్కోరు కదా. గోత్రం తెలియనప్పుడు కాశ్యప గోత్రం చెప్పాలని శాస్త్రం, అందరూ కశ్యపుడి సంతానమే కాబట్టి. అలా ఆ అబ్బాయి ఏటా కాశ్యప గోత్రంతో మా ఇంటి పితృదేవతల వరసలో నిలబడ్డాడు.

ఇప్పుడైతే అమర జవాను పార్థివ దేహం జెండా కప్పుకుని సొంతూరికి వస్తుంది. ఊరంతా కదిలి వస్తుంది. అది 1999 కార్గిల్ యుద్ధం నుంచి స్థిరపడిన ఆనవాయితీ. అంతకుముందు చాలామందికి అక్కడికక్కడే దహనం. ఇంటికి ఒక టెలిగ్రాం, తర్వాత ఒక పెట్టె. ఆ కుర్రాడి పెట్టెలో సామాను సర్దింది తాతయ్యేనని నాయనమ్మ చెప్పింది. ఆయన నోటి నుంచి ఆ సంగతి మేమెప్పుడూ వినలేదు.

భీష్ముడి కథలో జనం ఎక్కువగా చెప్పుకునేది ప్రతిజ్ఞ, అంపశయ్య. నన్ను ఆపేవి దాని చుట్టూ ఉన్న చిన్న చిన్న సంగతులు. పదో రోజు యుద్ధంలో కూలిపోయాక తల వెనక్కి వేలాడుతుంటే రాజులు మెత్తని తలగడలు తెప్పించారు. వద్దన్నాడు. అర్జునుణ్ణి పిలిచాడు. అర్జునుడు మూడు బాణాలు నాటి తల ఆనించాడు. వీరుడికి తగిన తలగడ ఇదీ అని మెచ్చుకున్నాడు. దుర్యోధనుడు బాణాలు తీయడంలో ఆరితేరిన వైద్యులను తీసుకొచ్చాడు. వాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చి, మర్యాదగా పంపేయమన్నాడు. అంత బాధలోనూ వచ్చినవాళ్ల కూలి మరిచిపోలేదు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు తాతయ్య చివరి రోజులు గుర్తొస్తాయి. ఆసుపత్రి మంచం మీద ఉండి కూడా, ఆయన్ని తీసుకెళ్లిన ఆటో అబ్బాయికి డబ్బులిచ్చారా లేదా అని మళ్లీ మళ్లీ అడిగారు.

తాతయ్యను తలుచుకోవడమంటే ఆయన్ని దేవుణ్ణి చేయడం అని నేననుకోను. మహాభారతం భీష్ముణ్ణి కూడా అలా చేయలేదు. సభలో ద్రౌపది నిలదీసినప్పుడు ధర్మం సూక్ష్మమైనదమ్మా, తేల్చలేకపోతున్నాను అన్నాడు. యుద్ధం ముందు ఆశీర్వాదానికి వచ్చిన ధర్మరాజుతో ‘అర్థస్య పురుషో దాసః’ అన్నాడు. మనిషి డబ్బుకు దాసుడు, నేను కౌరవుల తిండికి కట్టుబడిపోయాను అని. అంతటివాడు అలా అనడం నాకు చిన్నప్పుడు అస్సలు నచ్చేది కాదు. అదే తాతయ్యను అడిగితే, “జీతం తిన్నవాడి నోరు అంత తేలిగ్గా లేవదురా. లేవకపోవడం తప్పే. ఆ తప్పు బరువెంతో ఆయనకే తెలుసు” అన్నారు. తాతయ్యకూ కోపం ఎక్కువ. ఇల్లంతా ఆయన విజిల్ మీద నడవాలి. ఆయన సెలవుకు రాని ఏళ్లలో పిల్లల జ్వరాలు, పొలం తగాదాలు, మనియార్డరు ఆలస్యమైతే అప్పులు, అన్నీ నాయనమ్మ ఒక్కతే ఈదింది. మా ఇంట్లో ఇద్దరు సైనికులు, పింఛను ఒకరికే వచ్చింది అంటుంది మా అత్త. నిజమే.

అంపశయ్య మీద భీష్ముడు యాభై ఎనిమిది రాత్రులు గడిపాడు. ఉత్తరాయణం కోసం ఎదురుచూపు. ఆ రోజుల్లో చెప్పినవే శాంతి, అనుశాసనిక పర్వాలు, మనం రోజూ చదివే విష్ణు సహస్రనామం కూడా. కృష్ణుడు ధర్మరాజును పనిగట్టుకుని అక్కడికి పంపుతూ ఒక మాట అంటాడు: భీష్ముడు అస్తమిస్తే జ్ఞానాలు కూడా అస్తమిస్తాయి, అందుకే నిన్ను తొందర పెడుతున్నాను అని. ముసలివాళ్ల దగ్గర కూర్చుని అడగండి అని ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు. తాతయ్యకు రాజనీతి తెలీదు. గడ్డకట్టే రాత్రి ఇంజన్ను ఎలా కాపాడాలో తెలుసు. అదీ జ్ఞానమే. మా పెదనాన్న కొడుకు అదంతా ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఇప్పుడు వాడు లారీలు బాగుచేస్తాడు.

ఇక దహనం ఘట్టం. ధర్మరాజు, విదురుడు కలిసి పట్టువస్త్రాలు కప్పారు. యుయుత్సుడు గొడుగు పట్టాడు. భీముడు, అర్జునుడు వింజామరలు వీచారు. పిల్లలు లేని మనిషికి అంతమంది మనవలు. అది ముగిసి అందరూ భాగీరథి ఒడ్డుకు వెళ్లి నీళ్లు వదిలారు. అప్పుడు గంగ నీళ్లలోంచి పైకి వచ్చి ఏడ్చింది. పరశురాముడే ఓడించలేని నా కొడుకును శిఖండి పడగొట్టాడా అని. ఆమె దేవత. కొడుకు వసువులనే దేవతల్లో ఒకడనీ, శాపం తీరి వెళ్లిపోవాల్సినవాడేననీ అందరికంటే ముందు ఆమెకే తెలుసు. అయినా ఏడుపు ఆగలేదు. శిఖండి కాదమ్మా, అర్జునుడు, నీ కొడుకు తన వసువుల దగ్గరికే వెళ్లాడు అని కృష్ణుడు ఊరడించాల్సి వచ్చింది. వేదాంతం తెలిసిన తల్లి కూడా కొడుకును చంపిందెవరు అనే అడుగుతుంది. ఆ లోయలో పోయిన కుర్రాడి తల్లి ఏమడిగి ఉంటుందో.

2026లో భీష్మాష్టమి సరిగ్గా జనవరి 26న పడింది. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం ఉంచే రోజు. 2019లో ప్రారంభించిన ఆ స్మారకాన్ని చక్రవ్యూహం ఆకారంలో కట్టారు. ప్రారంభించే నాటికి దాని గ్రానైట్ పలకల మీద 25,942 పేర్లు చెక్కి ఉన్నాయి. వాటిలో పెళ్లి కాకుండా పోయినవారు ఎంతమందో. వాళ్ల గోత్రాలు మనకు తెలియవు. కాశ్యప గోత్రం ఉండనే ఉంది.

తర్పణానికి మధ్యాహ్న కాలం మంచిదంటారు కాబట్టి ముందు జెండా వందనం, ఆ తర్వాత స్నానం, తర్పణం అని నాన్న లెక్క వేశారు. తాతయ్యే ఉంటే ఆ రోజు మా ఇద్దరినీ నాలుగింటికే లేపి, మధ్యాహ్నం దాకా ఏం చేయాలో తోచక బూట్లు పాలిష్ చేయించేవారు.