34449 అడిగితే ఊళ్లో కొట్లన్నీ వచ్చాయి

ఈ వారమంతా మా విత్తనాల యాప్‌లో సెర్చ్‌తోనే కుస్తీ. నెల్లూరు మసూరి వరి రకం పేరు ఎన్ఎల్ఆర్ 34449. మనవైపు చాలామంది ఉత్త నంబరే చెబుతారు. రెండూ ఒకటేనని సినానిమ్ ఫైల్లో (ఒకే అర్థమున్న మాటల జాబితా) ఒక లైను రాస్తే అయిపోతుందనిపిస్తుంది. అవ్వదు.

మా సెర్చ్ వెనకున్న లైబ్రరీ లూసీన్. అందులో ఆ జాబితా చూసి మాటలు చేర్చే పాత సినానిమ్ ఫిల్టర్‌కి ఒక మాట రెండు మాటల చోటుకి సరిపోతుందన్న సంగతి పట్టదు. "34449 విత్తనాలు" అని కొడితే మొదటి చోట 34449, నెల్లూరు. రెండో చోట విత్తనాలు, మసూరి. అంటే దాని లెక్కలో "నెల్లూరు విత్తనాలు" కూడా కరెక్టే! ఇంకేముంది, నెల్లూరులో మినుము విత్తనాలమ్మే కొట్టు కూడా లైన్లోకొచ్చేసింది.

2017లో లూసీన్ 6.4 వెర్షన్‌తో వచ్చిన సినానిమ్ గ్రాఫ్ ఫిల్టర్ 34449 ఒక దారి, నెల్లూరు మసూరి ఇంకో దారి అనుకుని ఆ రెండు దారుల్నీ కలిపేయకుండా విడిగా ఉంచుతుంది. కానీ ఆ దారుల పటాన్ని, అంటే గ్రాఫ్‌ని, ఇండెక్స్ (వెతకడానికి ముందే కట్టి పెట్టుకునే మాటల పట్టిక) ఉన్నదున్నట్టు దాచుకోలేదు, అందుకే వెతికేటప్పుడే వాడాలి. క్వెరీని (మనం కొట్టిన మాటల్ని) ఖాళీల దగ్గర ముందే ముక్కలు చేసే సెట్టింగ్ ఉంటే అదీ ఆపేయాలి. లేదంటే "నెల్లూరు మసూరి" ఫిల్టర్‌కి జంటగా కనబడనే కనబడదు. నా దృష్టిలో అసలు తలనొప్పి ఇదే, ఎవరూ ముందు చెప్పరు.

బీపీటీ 5204, సాంబ మసూరి జత కూడా ఎక్కించేశా. ఇక మసూరి, మశూరి, మహసూరి స్పెల్లింగుల పంచాయితీ సోమవారం.