10 లీటర్ల పీసీ: ఆరు రాత్రులు తినేసిన రైజర్ కేబుల్

నేను కూర్చుకున్న చిన్న పీసీలో నిన్న రాత్రి మూడు గంటలు ఏకధాటిగా గేమ్ ఆడాను. స్క్రీన్ ఒక్కసారి కూడా నల్లబడలేదు. ఆరు రాత్రుల తర్వాత ఇదే మొదటిసారి! అయినా పూర్తి తృప్తి లేదు. జెన్ 4లో (గ్రాఫిక్స్ కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య ఉండే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకులో నాలుగో తరం వేగం) నడవాల్సిన కార్డును బయోస్‌లో జెన్ 3కి దించితే గానీ ఇది కుదరలేదు మరి.

పార్టుల సంగతి ముందు చెప్పేస్తా. రైజన్ 5 7600 ప్రాసెసర్, బీ650 ఐటీఎక్స్ (చిన్న సైజు) బోర్డు, 32 జీబీ డీడీఆర్5-6000 ర్యామ్, కోర్సెయిర్ ఎస్‌ఎఫ్750 పవర్ సప్లై, రెండు ఫ్యాన్ల ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు. కేసు సెకండ్ హ్యాండ్‌లో దొరికిన సాండ్‌విచ్ రకం, పది లీటర్ల పైచిలుకు. అంటే బోర్డు ఒక వైపు, కార్డు దాని వెనక వైపు, రెంటినీ కలిపేది రైజర్ అనే పట్టీ కేబుల్. చెన్నై వేళచ్చేరిలో ఇద్దరం ఉండే గదికి పెద్ద టవర్ ఒకటే ఎక్కువ, అది రూమ్మేట్‌ది. పైగా పండక్కి నెల్లూరు వెళ్తే పినాకిని రైల్లో బ్యాగులో పెట్టుకుని పోవాలన్నది నా పంతం. 7600ఎక్స్ జోలికి పోలేదు. దాని టీడీపీ (కూలర్ తట్టుకోవాల్సిన వేడి లెక్క) 105 వాట్లు, మామూలు 7600ది 65. గేముల్లో ఆ తేడా కంటికి కనపడదు, చిన్న కేసులో వేడి మాత్రం చేతికే తెలుస్తుంది. కూలర్ థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47, ఫుల్ కాపర్. గది 32 డిగ్రీలున్నప్పుడు సినీబెంచ్ పరీక్షలో ప్రాసెసర్ 84 డిగ్రీల దగ్గర ఆగింది, చాలా బాగుంది. ఐటీఎక్స్ బోర్డుల ధరలు మాత్రం అన్యాయం. సగం స్లాట్లు ఇచ్చి ఎక్కువ డబ్బు తీసుకుంటారు. ఎస్‌ఎఫ్‌ఎక్స్ (చిన్న సైజు) పవర్ సప్లై దగ్గర మాత్రం పొదుపు చేయొద్దనే చెప్తాను.

ఇక అసలు గొడవ. గేమ్ మధ్యలో ఉన్నట్టుండి స్క్రీన్ నల్లగా అయిపోయేది, కార్డు ఫ్యాన్లు రెండూ ఫుల్ స్పీడులో అరిచేవి. హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ ఇంకో నాలుగైదు సెకన్లు వచ్చేది. పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం తప్ప వేరే దారి లేదు. మొదటి రాత్రి 4 నిమిషాలకు, తర్వాత 11కి, మళ్ళీ 7కి. సైడ్ ప్యానెల్ తీసేసి ఆడితే 38 నిమిషాలు నిలబడింది. ఆ 38 చూసి వేడే కారణమని గట్టిగా అనుకున్నా. టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టాను, కార్డు హాట్‌స్పాట్ (అన్నిటికన్నా వేడెక్కే చోటు) 78 డిగ్రీల నుంచి 66కి దిగింది. 15 నిమిషాలకు మళ్ళీ నలుపే.

"అన్నా, పవర్ చాలట్లేదేమో" అన్నాడు రూమ్మేట్. 200 వాట్ల కార్డుకి 750 చాలకపోవడమేంటి అనుకున్నా, అయినా వాడి 850 వాట్ల పెద్ద సప్లైని కేసు పక్కన పెట్టి వైర్లు కలిపి చూశాం. 9 నిమిషాలు. డ్రైవర్ తుడిచి మళ్ళీ వేశా, ఎక్స్‌పో (ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్) ఆపేశా, అండర్‌వోల్ట్ (వోల్టేజీ తగ్గించిన సెట్టింగ్) తీసేశా. ఏదీ పనిచేయలేదు.

నాలుగో రాత్రి విండోస్ లోపాలు రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. మొదటి రోజే తెరవాల్సింది. వీయా-లాగర్ (హార్డ్‌వేర్ లోపాల చిట్టా), ఈవెంట్ 17, పీసీఐ ఎక్స్‌ప్రెస్ రూట్ పోర్ట్‌లో సరిదిద్దిన లోపం, వరసగా. గేమ్ నడిచిన పది నిమిషాల్లో 340 దాకా ఉన్నాయి. అంటే స్క్రీన్ పోకముందు నుంచే కార్డుకీ బోర్డుకీ మధ్య సంకేతాలు చెడుతున్నాయి, సిస్టమ్ వాటిని సరిచేసుకుంటూ వస్తోంది, చేతకాని చోట కూలబడుతోంది. అప్పటినుంచి ఎన్ని నిమిషాలకు ఆగిందన్నది పక్కన పెట్టి పది నిమిషాలకు ఎన్ని 17లు అని లెక్కపెట్టడం మొదలెట్టా. అరగంట కాచుకునే పని తప్పింది.

బోర్డును బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టి, కార్డును నేరుగా స్లాట్‌లో గుచ్చాను. రెండు గంటలు ఆడినా 17లు సున్నా. దాంతో దొంగ రైజరేనని తేలింది.

కేసుతో పాటు రైజర్ రాలేదు. రిచీ స్ట్రీట్‌లో ఒక షాపులో 25 సెంటీమీటర్లది తీసుకున్నా. "జెన్ ఫోర్ దాన్ సార్" (జెన్ 4యే సార్) అని ఇచ్చారు. ప్యాకెట్ మీదా అదే ఉంది. స్లాట్ నుంచి కార్డు దాకా టేపు పెట్టి కొలిస్తే నాకు కావాల్సింది 19. మిగిలిన 6 సెంటీమీటర్లు బోర్డు వెనక మడతపడి ఉన్నాయి. టార్చి వేసి చూస్తే మడత లోపలి వంపు 4 మిల్లీమీటర్లు కూడా లేదు, దాని మీద బోర్డుకి కరెంటిచ్చే 24 పిన్ కేబుల్ కట్ట ఎక్కి కూర్చుంది. ప్యానెల్ బిగిస్తే ఆ కట్ట ఇంకా లోపలికి నొక్కుతుంది. 38 నిమిషాల రహస్యం ఇదేనని నా అనుమానం, గాలికీ దానికీ సంబంధం లేదు.

24 పిన్‌ను కింద నుంచి తిప్పి, మడతను 9 మిల్లీమీటర్ల దాకా వదులు చేస్తే 340 కాస్తా 60 అయింది. రెండు చివర్లూ ఐసోప్రొపైల్‌తో తుడిచి మళ్ళీ గుచ్చితే 52. అంతకన్నా కిందికి రాలేదు. ముందే నలిగిన చోట లోపల ఏదో దెబ్బతిని ఉండాలి, లేదా కేబులే జెన్ 4కి తగినది కాదు. జెన్ 4లో ఒక్కో లేన్‌లో (డేటా పోయే దారి) సెకనుకు 16 గిగాట్రాన్స్‌ఫర్లు పోవాలి, జెన్ 3లో 8 చాలు. వేగం పెరిగేకొద్దీ దారిలో సంకేతం అంత త్వరగా బలహీనపడుతుంది. బయోస్‌లో స్లాట్ స్పీడు ఆటో నుంచి జెన్ 3కి మార్చగానే 17లు సున్నా.

నష్టమెంత? 3డీమార్క్ పీసీఐఈ టెస్టులో సెకనుకు 26 జీబీ పైన వచ్చేది 13కి పడింది. గేములో 1440పీ దగ్గర 118 ఎఫ్‌పీఎస్ 116 అయింది. 4070 పదహారు లేన్లూ వాడుతుంది కాబట్టి సరిపోయింది. ఎనిమిది లేన్ల 4060 లాంటిదైతే జెన్ 3లో మరింత ఇరుకు.

అయినా ఆ సగం బ్యాండ్‌విడ్త్ వదులుకోవడం నాకు ఇష్టం లేదు. 20 సెంటీమీటర్ల రైజర్ ఆర్డర్ చేశా, మంగళవారం వస్తుంది. రాగానే ఆటో పెట్టి, ప్యానెల్ మూసి, పది నిమిషాలు లెక్కపెడతా. ఒక్క 17 కనిపించినా వెనక్కి పంపేస్తా. అది కుదిరితే తర్వాత 24 పిన్‌కు కొలతకు తగ్గ పొట్టి కేబుల్ చేయించాలి, ఆ కట్ట ఉన్నంతకాలం నాకు అనుమానం పోదు. బ్యాగు సంగతి ఇంకా చూడలేదు. కాలేజీ బ్యాగులో కేసు పడుతుంది గానీ జిప్పు మూసుకోవడానికి ఒక వేలెడు తక్కువైంది.