‘అర్థమైందా?’ అని అడగడం మానేశాక

16 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. క్లాసులో నేను ఎక్కువసార్లు వేసిన ప్రశ్న ఏదంటే “అర్థమైందా?” అన్నదే. “అయింది టీచర్!” అని పిల్లలంతా ఒక్క గొంతుతో అనేవాళ్లు. నేను బోర్డు తుడిచి తర్వాతి లెక్కకు వెళ్లేదాన్ని. ముందు బెంచీలో ఇద్దరు ముగ్గురు అందుకుంటే మిగతావాళ్లు గొంతు కలుపుతున్నారని టెస్ట్ పేపర్లు దిద్దేటప్పుడు గానీ తెలిసేది కాదు.

పోయిన ఏడాది ఏడో తరగతికి పలకలు తెప్పించాను. హైస్కూల్ పిల్లలకు పలకలేంటని స్టాఫ్‌రూమ్‌లో అడిగారు. ప్రశ్న బోర్డు మీద రాస్తాను. ఎవరూ నోరు విప్పకూడదు. జవాబు రాసి పలక బోర్లించాలి, “ఎత్తండి” అన్నాకే ఎత్తాలి. ప్రశ్న వేశాక టీచర్లు సుమారు ఒక్క సెకనే ఆగుతారని, 3 సెకన్లు ఆగినా పిల్లలు మరింత వివరంగా జవాబిస్తారని అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లోనే చూపించారు. పలక ఉంటే నేను ఆగక తప్పదు.

మొదటిరోజు ప్రశ్న: 0.35, 0.5లో ఏది పెద్దది? 40 పలకల్లో 27 మీద 0.35 అనే ఉంది. రెండు రోజులుగా దశాంశాలు చెప్పి, “అయింది” అనిపించుకున్న క్లాసు అది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

“తప్పు” అనబోయి ఆపుకున్నాను. మూడో బెంచీలో అమ్మాయిని “ఎలా అనుకున్నావో చెప్పమ్మా” అన్నాను.

“5 కంటే 35 పెద్దది కదా టీచర్.”

ఒకటో తరగతి నుంచి మేం నేర్పిందే ఆ పిల్ల చేసింది. చుక్క తర్వాత అంకెలను అలా చదవకూడదని నేనే సరిగ్గా చూపించలేదు. 50 పైసలు, 35 పైసలు అని చెప్పబోయాను గానీ, ఈ పిల్లలు పైసల బిళ్లలు చూసి ఎరగరు. ఆ అమ్మాయి వాళ్లమ్మ జాకెట్లు కుడుతుంది, అందుకని మర్నాడు టేపు తెమ్మన్నాను.

బెంచీ మీద టేపు పరిచి, 100 దగ్గర సుద్దతో గీత పెట్టాం. అది మీటరు. 0.5 మీటరు ఎక్కడ? 50 మీద వేలు పెట్టింది. 0.35? వేలు మెల్లగా వెనక్కి జరిపి 35 దగ్గర ఆపింది. నావైపు చూసింది. నేనేం మాట్లాడలేదు.

“అయితే 0.5 అంటే 0.50యా టీచర్?”

ఆ మర్నాడు 0.4, 0.375 ఇచ్చాను. ఇంకా 11 పలకల మీద తప్పే. సిలబస్ వెనకబడినా ఇంకో రెండు రోజులు దశాంశాల దగ్గరే ఉండిపోయాం, టేపు కూడా బెంచీ మీదే ఉంది.