తేరుకునే వారం

నర్సుగా ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరంలో, నేను పనిచేస్తున్న మానసిక చికిత్సా విభాగంలో, జిల్లా నుంచి వచ్చిన యాభై ఏళ్ల స్త్రీ ఒకరు తీవ్రమైన డిప్రెషన్‌తో చేరారు. పదకొండు రోజుల పాటు ఆమె గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు. గుక్కెడు నీళ్లు తాగించడానికి కూడా బతిమాలవలసి వచ్చేది. పన్నెండో రోజు ఉదయం తనంతట తాను స్నానం చేసి, తల దువ్వుకుని, రెండు ఇడ్లీలు తిన్నారు. మధ్యాహ్నం తన ఉన్ని శాలువాను ఆయమ్మ చేతిలో పెట్టి, "ఉంచుకో బిడ్డా, నాకింక దీంతోని పనిలేదు" అన్నారు. మేమంతా సంతోషించాం. డ్యూటీలో ఉన్న నేను కేస్ షీట్‌లో, రోగి ఉత్సాహంగా ఉన్నారనీ, తోటివారితో కలుస్తున్నారనీ రాశాను. సాయంత్రం షిఫ్టుకు వచ్చిన సీనియర్ సిస్టర్ ఆ వాక్యం చదివి, శాలువా సంగతి విని, భుజాన ఉన్న సంచీ కూడా దించకుండా నేరుగా వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చున్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అక్కా, చచ్చిపోదామని అనుకుంటున్నవా?" అని అడిగారు. ఆ ప్రశ్న వినగానే నాకు చెమటలు పట్టాయి. ఆమె మాత్రం చాలాసేపటికి తల ఊపి, సిస్టర్ చేయి పట్టుకుని ఏడ్చారు. వార్డులో చేరిన తర్వాత ఆమె ఏడవడం అదే మొదటిసారి.

ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో ఇదే పని చేస్తున్నాను. ఇక్కడ రాసే రోగుల వివరాలన్నీ ఎవరూ గుర్తుపట్టలేనంతగా మార్చాను. ఆనాడు నేను రాసిన ఆ వాక్యాన్ని మాత్రం మార్చలేదు.

డిప్రెషన్ బాగా ముదిరిన దశలో మనిషికి చావు ఆలోచన ఉన్నా, ఏ పనీ తలపెట్టే ఓపిక ఉండదు. చికిత్స మొదలైన తర్వాత చాలామందిలో నిద్ర, ఆకలి, కదలిక ముందుగా తిరిగి వస్తాయి. నిరాశ, అపరాధ భావన వాటికంటే ఆలస్యంగా వదులుతాయి. ఈ రెంటికీ మధ్య, చావు ఆలోచన వదలకముందే ఓపిక తిరిగొచ్చే ఆ ప్రమాదకరమైన రోజులను మా సీనియర్లు "తేరుకునే వారం" అనేవారు, అది ఒక్కొక్కరిలో మూడు వారాలైనా సరే. ఇంకొందరిలో మనసులో ఏదో నిర్ణయానికి వచ్చేసిన ఊరటే పైకి ప్రశాంతతలాగా కనిపిస్తుంది. అలాగని నవ్విన ప్రతి రోగినీ అనుమానించాలని కాదు. ఎక్కువమంది నిజంగానే కోలుకుంటున్నందువల్ల నవ్వుతారు. ఎవరి నవ్వు ఏదో ముఖం చూసి తేల్చలేం, అడిగితేనే తెలుస్తుంది.

అడగడం దగ్గరే మనవాళ్లు వెనకాడుతారు. ఆ మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందన్నది ఇళ్లలోనూ, కొందరు కొత్త నర్సుల్లోనూ ఉన్న భయం. ఈ విషయంపై జరిగిన పరిశోధనలు ఆ భయాన్ని బలపరచలేదు. అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరగవనీ, చాలామందికి కొంత ఉపశమనమే కలుగుతుందనీ అవి చూపాయి. అయితే ఎలా అడగాలన్నది మన భాషలో మనమే వెతుక్కోవాలి. మా దగ్గరికి "నాకు డిప్రెషన్" అంటూ వచ్చేవారు చదువుకున్న యువకుల్లోనే ఎక్కువ. మిగిలినవారు గుండె బరువుగా ఉందంటారు, తలలో మంటలంటారు, కాళ్లు గుంజుతున్నాయంటారు, "ఏం మంచిగ లేదు సిస్టర్" అని ఊరుకుంటారు. పాతబస్తీ నుంచి వచ్చేవారు ఘబ్రాహట్ అంటారు. అప్పటికే జనరల్ ఫిజీషియన్ దగ్గర థైరాయిడ్, షుగర్, గుండె పరీక్షలన్నీ అయిపోయి ఉంటాయి. కరీంనగర్ వైపువారైతే కొండగట్టు అంజన్న సన్నిధిలో కొన్నాళ్లు ఉండి వచ్చి ఉంటారు. నేను దాన్ని ఎన్నడూ తప్పుపట్టను. అక్కడ ఉన్నన్నాళ్లూ ఇంటివారు ఆ మనిషిని ఒంటరిగా వదలరు, అది కూడా ఒక రక్షణే.

డిప్రెషన్ తీవ్రతను అంచనా వేయడానికి మేము వాడే పీహెచ్‌క్యూ-9 అనే ఫారంలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు, మొత్తం 27 మార్కులు. చచ్చిపోతే బాగుండుననో, తనను తాను గాయపరచుకోవాలనో అనిపించిందా అన్నది తొమ్మిదో ప్రశ్న. మొత్తం ఎంత తక్కువ వచ్చినా, ఆ తొమ్మిదోదానికి సున్నా కాని జవాబు వస్తే అక్కడ ఆగి మాట్లాడాలి. "మీలో ఆత్మహత్యా భావనలు ఉన్నాయా?" అని మంచం పక్కన నిలబడి అడిగితే, అది ఎవరో పంచనామా చదువుతున్నట్టు ఉంటుంది. బతుకు మీద విసుగొస్తోందా, పొద్దున లేవకపోతే బాగుండుననిపిస్తోందా అని మొదలుపెట్టి, వారు అవునంటే, సూటిగా చావు మాట అడగాలి. ఆ ఆలోచన రోజుకు ఎన్నిసార్లు వస్తోంది, ఏదైనా అనుకుని పెట్టుకున్నారా, ఇంతకు ముందు ఎప్పుడైనా ప్రయత్నించారా, ఇన్నాళ్లూ ఆపింది ఏమిటి అన్నవి తర్వాత రావాలి. ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును నేను ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను. "చిన్నదాని పదో తరగతి" అని ఒక ఆటో డ్రైవర్ చెప్పారు. ఆ తర్వాత ఆయనతో మా మాటలన్నీ ఆ పిల్ల చదువు చుట్టూనే నడిచాయి.

జవాబు విన్న తర్వాత నర్సు చేయకూడని పని ఒకటి ఉంది. మన ఇళ్లలో తల మీద చెయ్యి పెట్టించి, "ఇంకెప్పుడూ అట్ల అనుకోనని ఒట్టెయ్యి" అంటారు. ఒకప్పుడు నర్సింగ్ పుస్తకాల్లో కూడా తనకు తాను హాని చేసుకోనని రోగి చేత రాతపూర్వకంగా ఒప్పందం తీసుకోవాలని ఉండేది. అటువంటి ఒప్పందాలు ప్రాణం కాపాడతాయనడానికి సరైన ఆధారం దొరకలేదు. నా అనుభవంలో ఒట్టు వల్ల జరిగేది ఒకటే: మళ్లీ ఆ ఆలోచన వచ్చినప్పుడు, ఒట్టు తప్పానన్న సిగ్గుతో ఆ మనిషి మనకు చెప్పడం మానేస్తారు. అందుకే నేను ఒట్టు వేయించను. "మళ్లా అనిపిస్తే ఏ రాత్రయినా సరే, నన్ను లేపి చెప్పండి" అని మాత్రం అడుగుతాను.

వార్డులో పరిశీలన అన్న మాటకు అర్థం రోగికి చేతికందే దూరంలో ఎప్పుడూ ఒకరుండటం నుంచి, పదిహేను నిమిషాలకొకసారి వెళ్లి చూడటం వరకు ఉంటుంది. ఆ పదిహేను నిమిషాలు గడియారం ముల్లులాగా ఉండకూడదు. ఒకసారి ఏడు నిమిషాలకు, ఒకసారి పన్నెండు నిమిషాలకు వెళ్లాలి. షిఫ్టు మారే వేళలు, ఆదివారాలు, పండుగ రోజులు సిబ్బంది పలచబడే సమయాలు గనుక అప్పుడే ఎక్కువ కన్నువేసి ఉంచాలి. హాని చేయగల వస్తువులను మంచం చుట్టుపక్కల లేకుండా చూడటం, మాత్ర మింగేవరకు పక్కనే నిలబడటం వంటివి ప్రతి విద్యార్థినికీ నేర్పేవే. నేర్పనిది, ఇదంతా చేస్తూనే ఆ మనిషిని ఖైదీలా కాక అతిథిలా చూడటం. బాత్రూం తలుపు బయట నిలబడవలసి వచ్చినప్పుడు, ఎందుకు నిలబడుతున్నానో ముందే చెప్పి, వారి సిగ్గును నా సిగ్గుగా భావించి వేరే మాటలేవో మాట్లాడుతుంటాను.

అన్నిటికంటే కష్టమైన వేళ తెల్లవారుజాము. తీవ్రమైన డిప్రెషన్‌లో మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేసి, ఆపైన నిద్ర పట్టదు. మనసు బరువు కూడా ఉదయమే ఎక్కువగా ఉండి, సాయంత్రానికి కొంత తేలికపడుతుంది. నైట్ డ్యూటీ నర్సుకు ఒళ్లు తూలే సమయం కూడా అదే. ఆ వేళలో మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడమే చికిత్స. "నీకేం తక్కువ, బంగారంలాంటి పిల్లలు" అన్న మాట ఎంత ప్రేమతో అన్నా వినేవారి అపరాధ భావనను పెంచుతుంది. చిన్న వాక్యం అనాలి, జవాబు రావడానికి నిమిషం పట్టినా ఆగాలి. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే నర్సింగ్‌కు కేంద్రమని అమెరికన్ నర్సు హిల్డెగార్డ్ పెప్లావ్ 1952లోనే రాసింది. నాకు మాత్రం అది తెల్లవారుజామున నాలుగింటికే అర్థమైంది. తెల్లవారిన తర్వాత ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు, విరేచనం అయిందా, బరువు తగ్గుతోందా అన్న లెక్కలు ఉండనే ఉంటాయి.

మందుల విషయంలో బంధువులు అడిగే మొదటి ప్రశ్న, ఎప్పటికి తగ్గుతుందన్నది. ఫ్లూయాక్సిటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందుల ఫలితం మనసుపై కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, కొందరిలో ఇంకా ఎక్కువ పడుతుంది. వికారం, తలనొప్పి, ఒక రకమైన స్థిమితం లేనితనం మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. పిల్లల్లో, యువకుల్లో ఈ మందులు మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో హెచ్చరిక జారీ చేసి, 2007లో దాన్ని 24 ఏళ్ల వరకు వర్తింపజేసింది. అందువల్ల మందు మానేయాలని కాదు. ఆ రోజుల్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి. తగ్గిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడవలసిన మందును, అలవాటు పడిపోతారన్న భయంతో రెండో నెలలో ఆపేసేవారే ఎక్కువ. ఈ మందులు నిద్రమాత్రల్లాగా వ్యసనంగా మారేవి కావు; ఒక్కసారిగా ఆపితే మాత్రం కళ్లు తిరగడం, చిరాకు వస్తాయి.

తిండీ నీరూ మానేసినవారికి, ప్రాణాపాయం దగ్గరలో ఉన్నవారికి మందు పనిచేసేవరకు ఆగలేని స్థితిలో డాక్టర్లు ఈసీటీ, అంటే మెదడుకు కొద్ది క్షణాలు విద్యుత్తు ఇచ్చే చికిత్స, సూచిస్తారు. మన సినిమాల పుణ్యమా అని "కరెంటు పెడతరా?" అన్న ప్రశ్నకు సగం రోజు సమాధానం చెప్పవలసి వస్తుంది. మత్తు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా ఈసీటీ చేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. మా పని ముందురోజు రాత్రి నుంచి ఖాళీ కడుపు, కట్టుడు పళ్లు తీయించడం దగ్గర మొదలై, మెలకువ వచ్చాక "మీరు ఆసుపత్రిలో ఉన్నారు, ఈరోజు బుధవారం, మీ అబ్బాయి బయటే ఉన్నాడు" అని ఓపికగా మళ్లీ మళ్లీ చెప్పడంతో ముగుస్తుంది.

అదే చట్టంలోని 115వ సెక్షన్ గురించి క్యాజువాలిటీలో పనిచేసేవారికే సరిగా తెలియకపోవడం చూశాను. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి తప్ప విచారించి శిక్షించకూడదని అది చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షనే లేదు. అయినా కేసు అవుతుందన్న భయంతో బంధువులు పొరపాటున జరిగిందని చెబుతారు, దాంతో రోగికి సైకియాట్రిస్టును చూపకుండానే ఇంటికి పంపేస్తారు. ఇక పక్కింటివారికి టైఫాయిడ్ అని చెబుతారు. మన నగరంలో మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరునే తిట్టుగా వాడుకున్న తర్వాత, వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన మొదటి వారం, ఆ తర్వాతి మూడు నెలలు అత్యంత ప్రమాదకరమైన కాలం. బంధువులు అప్పటికి అలసిపోయి, ఎంజీబీఎస్‌లో బస్సెక్కి ఊరు చేరి ఊపిరి పీల్చుకుంటారు. అందుకే డిశ్చార్జి రోజున హడావిడిగా కాగితాలు చేతిలో పెట్టడం నాకు నచ్చదు. రోగితో కూర్చుని, వారి మాటల్లోనే, తెలుగులో ఒక కాగితం రాస్తాం: చెడు రోజు మొదలవుతోందని తనకు ఎలా తెలుస్తుంది, అప్పుడు తాను ఏం చేస్తే కొంత నెమ్మదిస్తుంది, ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లో ఏవి అందుబాటులో లేకుండా చూడాలి. చివర్లో పగలూ రాత్రీ ఉచితంగా పలికే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 రాస్తాం. అందులో తెలుగులోనే మాట్లాడవచ్చు. మందులు వారానికి సరిపడా మాత్రమే ఇచ్చి, వాటిని ఇంట్లో ఒకరి దగ్గర ఉంచమంటాం.

ఆపైన ఫోన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో, మన చెన్నైతో సహా, జరిపించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఆత్మహత్యాయత్నం చేసి క్యాజువాలిటీకి వచ్చిన 1,867 మందిని తీసుకున్నారు. వారిలో ఒక భాగంతో గంటసేపు వివరంగా మాట్లాడి, 18 నెలల్లో తొమ్మిది సార్లు ఫోన్ ద్వారానో, స్వయంగా కలిసో పలకరించారు. ఆ 18 నెలల్లో ఆత్మహత్యతో చనిపోయినవారు మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 2.2 శాతం, పలకరింపు అందినవారిలో 0.2 శాతం. పలకరించడానికి పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు, నా దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉంది. ఇంటికి వెళ్లిన మూడో రోజు, పదో రోజు, నెలకు, మూడు నెలలకు అని పేర్లకు ఎదురుగా తేదీలు వేసుకుంటాను. ఇది నా డ్యూటీ చార్టులో లేదు. ఉండాలని అడుగుతూనే ఉన్నాను.

పోయిన వారం ఆ ఆటో డ్రైవర్‌కు పదో రోజు ఫోన్. భార్య ఎత్తి, "మంచిగున్నడు సిస్టర్, నిన్న బండి కూడా తుడిచిండు" అని సంబరంగా చెప్పారు. ఫోన్ ఆయనకు ఇవ్వమన్నాను. బండి గురించి కాసేపు మాట్లాడి, ఆ ప్రశ్న అడిగాను. అవతల కుక్కర్ విజిల్ రెండుసార్లు వచ్చింది. "మొన్న తెల్లారుజామున అనిపించింది సిస్టర్. కాగితం తీసి చూసిన. మా అన్నను లేపిన" అన్నారు. పై వారానికి ఉన్న అపాయింట్‌మెంట్‌ను మర్నాటికి మార్పించి, అన్నను కూడా వెంట రమ్మన్నాను. నోటుబుక్కులో ఆయన పేరుకు ఎదురుగా గురువారం అని ఇంకో తేదీ చేరింది.